కుంగిన కమాను

మన కళాశాల ప్రధాన ద్వారము దాటి లోనికి వచ్చినవారికి కుడిచేతి వైపున, సైకిళ్ల షెడ్డును ఆనుకొని, రేకుల పంచ క్రింద నిలిచియున్న తెల్లని అంబాసిడరు కారు కనిపించును. విద్యార్థులు దానిని ‘పెద్దాయన’ అని పిలుచుట మేము విన్నాము. అది 1985 నాటి బండి. ఒకప్పుడు రైల్వే స్టేషనుకు పోయి వార్షికోత్సవ అతిథులను తెచ్చెడిది. జవాబుపత్రముల కట్టలను మోసెడిది. హాస్టలులో ఏ విద్యార్థికి అర్ధరాత్రి జ్వరము వచ్చినను ఆసుపత్రికి చేర్చెడిది. కొన్ని ఏండ్లుగా దాని వెనుక భాగము నేలకు కుంగి, ముందు భాగము పైకెత్తి, తోకపై కూర్చున్న వృద్ధ సింహమువలె ఉండిపోయినది. దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయవలెనని కమిటీ పెద్దల ఆలోచనగా వినుచున్నాము. ఆ ఆలోచనతో మేము ఏకీభవించుట లేదు. కారణములను కమిటీ వారికిని, విద్యార్థులకును విన్నవించుకొనుటకే ఈ వ్యాసము.

తెలుగు ఉపన్యాసకునికి కారు కమానులతో ఏమి పని అని అడుగువారు ఉండవచ్చును. మాకు మొదట ఆ మాటతోనే పని పడినది. కమాన్ అనగా ఫారసీలో విల్లు. ఉర్దూ విభాగము వారికి ఇది చెప్పనక్కరలేదు. తెలుగులోనికి వచ్చి ఆ మాట రెండు కొలువులు చేయుచున్నది. ద్వారముపై విల్లువలె వంచి కట్టిన కట్టడమును కమాను అందుము. బండి క్రింద ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్టను కూడ కమాను అనియే అందుము. గుర్రపు జట్కాల నాటి నుండియు ఈ మాట ఉన్నది. మన ప్రధాన ద్వారముపై నున్న కమాను బరువు మోయును గాని కదలదు. కారు క్రింది కమాను బరువు మోయుచు వంగును, గుంత దాటగానే మరల లేచును. ఒకే మాటకు ఇంత విరుద్ధమైన స్వభావములు ఉండుట మాకు ఎప్పుడును వింతగానే తోచును.

ఇక విషయమునకు వత్తుము. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందూస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులో 1957 నుండి అంబాసిడరును తయారుచేసినారు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయినది. ఈ దీర్ఘకాలములో ముఖము మారినది, దీపములు మారినవి, ఇంజను మారినది. మన బండి నాటికి మాత్రము క్రింది అస్థిపంజరము దాదాపు తొలినాటిదే. వెనుక ఇరుసునకు ఇరువైపుల రెండు కమాను కట్టలు. ముందు చక్రములకు కమానులు లేవు. వాటికి బదులు బండి పొడవునకు సమాంతరముగా అమర్చిన రెండు ఉక్కు దండములు, అనగా టార్షన్ బార్లు. దండము ముందు కొన చక్రమును మోయు క్రింది చేతికి, వెనుక కొన బండి చట్రమునకు బిగించబడి యుండును. చక్రము పైకి లేచినప్పుడు దండము మెలిపడును. మెలి విప్పుకొనుచు చక్రమును మరల క్రిందికి త్రోయును. తడిబట్టను పిండునప్పుడు చేతికి తెలియు ఎదురు బలమే అది.

ఆరేండ్ల క్రిందట బండి వెనుక భాగము కుంగినదని ఒక గ్యారేజీకి పంపినారు. ఆ గ్యారేజీ పేరుతో మనకు పనిలేదు. వారు కట్ట విప్పి చూడలేదు, ఏదియు కొలవలేదు. ఒక్కొక్క కట్టకు రెండేసి పట్టీలు అదనముగా చేర్చి, మూడవ నాటికి బండిని పంపివేసినారు. వెనుక భాగము లేచినమాట నిజమే. కాని ఆనాటి నుండి ఆ కారులో వెనుక సీటున కూర్చుండుట ఒక శిక్ష అయినది. ఆ ఏటి వార్షికోత్సవమునకు వచ్చిన వృద్ధ పండితుడొకరు స్టేషను నుండి కళాశాల వరకు మాటాడక, దిగిన తరువాత నడుము పట్టుకొని నిలిచి, మీ ఊరి రోడ్లు బాగుగా లేవని మర్యాదగా సెలవిచ్చినారు. రోడ్ల తప్పు కొంత ఉన్నది, కాదనము. రెండేండ్లు తిరుగక ముందే షాకిలు బుష్షులు చిరిగినవి, వెనుక అద్దము గడగడలాడసాగినది, కుడివైపు మరల కుంగినది. అప్పటి నుండి బండి షెడ్డులోనే ఉన్నది. ఇప్పుడు దానిని చూచినవారు బండి ముసలిదైపోయినదని నిట్టూర్చుచున్నారు. అది ముసలితనము కాదు, తప్పుడు వైద్యమని మేము తెలిసికొన్నది ఈ విద్యాసంవత్సరములోనే.

ఎట్లు తెలిసినదో చెప్పవలెను. ఒకనాడు ద్వితీయ సంవత్సరము బి.ఎస్సీ. తరగతిలో అన్యదేశ్య పదములను గూర్చి చెప్పుచు కమాను మాట వద్దకు వచ్చినాము. మన ఊరిలో ఇంకను కమాను కట్టలు కొట్టువారు ఎవరైన ఉన్నారా అని మాటవరుసకు అడిగినాము. తరగతి నిశ్శబ్దము. గంట కొట్టిన తరువాత, అందరును వెళ్లిన పిమ్మట, వెనుక బెంచీ విద్యార్థి యొకడు ద్వారము వద్ద నిలిచి, ఇటునటు చూచి, “సార్, మా అబ్బా చేస్తారు ఆ పని. బైపాస్ రోడ్డు దగ్గర” అన్నాడు. ప్రవేశపు దరఖాస్తులో తండ్రి వృత్తి అనుచోట ఆ బాలుడు ‘వ్యాపారము’ అని వ్రాసియుండెను. ఆ సంగతి వానికిని తెలియును, మాకును తెలియును. మేమేమియు అనలేదు.

ఆ ఆదివారము వాని వెంట పోయినాము. లారీల వరుసకు వెనుక తాటాకుల పందిరి, నడుమ బొగ్గుల కొలిమి, దాగలి, చుట్టును కత్తిరించి పడవేసిన పట్టీల గుట్టలు. ఉస్తాదుగారికి అరువది దాటియుండును. మేము వెళ్లునప్పటికి ఒక లారీ పట్టీని ఎర్రగా కాల్చి, వంపు తీర్చి, నూనె తొట్టిలో ముంచుచున్నారు. ముంచిన తరువాత దానిని మరల తక్కువ వేడిపై కాచి నిదానముగా చల్లార్చినారు. మొదటి కాపు వలన ఉక్కు గట్టిపడును, గాజువలె పెళుసగును. రెండవ కాపు ఆ పెళుసుదనమును విరిచి సాగు గుణము నిచ్చును. ఈ పనికి వారి భాషలో పేరు ‘పానీ చడానా’. ముంచునది నూనెలోనైనను పేరు మాత్రము పానీయే. పుస్తకములు మొదటి కాపునకు 850 నుండి 900 డిగ్రీల వేడిని చెప్పుచున్నవి. ఉస్తాదుగారు పట్టీ రంగును చూచి చెప్పుదురు. ఎండలో ఆ రంగు సరిగా తెలియదు గనుకనే వారి కొలిమి చీకటి మూలన ఉన్నది.

మన కారు సంగతి విన్నవించినాము. “రెండు పట్టీలు ఎక్కించారా?” అని నవ్వి, “సాబ్, కమాన్ కూర్చుంటది గాని మెత్తబడదు. ముసలాయన నడుము వంగిందని ఇంకో ఇద్దర్ని వీపుకు కట్టినట్టు చేశారు మీవాళ్లు” అన్నారు.

కమాన్ కూర్చుంటది గాని మెత్తబడదు. ఈ ఒక్క మాట మమ్ములను వారము దినములు నిదురపోనీయలేదు. మేము భౌతికశాస్త్రము ఎరిగినవారము కాము. మా సహోపాధ్యాయులగు భౌతికశాస్త్ర ఉపన్యాసకుల వద్దకు పోయి, ఇది నిజమా అని అడిగినాము. వారు నల్లబల్లపై సూత్రము వ్రాసి చూపినారు. రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న నియమమును 1676లో అక్షరములు తారుమారు చేసి ఒక పొడుపుకథవలె ప్రకటించి, 1678లో విప్పి చెప్పినాడట: సాగుదల ఎంతయో బలము అంత. ఇది మన విద్యార్థులెల్లరు ఇంటర్మీడియటులోనే వల్లించినారు. కమాను పట్టీ బిగువు దేనిపై ఆధారపడును? పట్టీ వెడల్పు, మందము, నిడివి, పట్టీల సంఖ్య, ఉక్కు యొక్క యంగ్ గుణకము. మందము రెట్టింపయినచో బిగువు ఎనిమిది రెట్లగును. నిడివి రెట్టింపయినచో ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఆ సూత్రములో వంపు ఎత్తునకు చోటే లేదు. ఏండ్ల తరబడి బరువు మోసి, గుంతలలో స్థితిస్థాపక అవధి దాటి దెబ్బలు తిన్న ఉక్కు తన వంపును కొంత శాశ్వతముగా కోల్పోవును. దాని యంగ్ గుణకము మాత్రము మారదు. కావున కుంగిన కమాను తక్కువ ఎత్తునుండి పని మొదలుపెట్టును గాని, ప్రతి అంగుళమునకు మునుపటి బలమునే చూపును. పైకి పోవుటకు చక్రమునకు మిగిలిన చోటు తగ్గుటచేత అది గుంతలో త్వరగా రబ్బరు దిమ్మకు కొట్టుకొనును. ఆ దెబ్బనే మనము కమాను మెత్తబడినదని పొరబడుదుము.

ఎత్తు వేరు, బిగువు వేరు. అదనపు పట్టీలు చేర్చినవారు ఎత్తును కోరి బిగువును కొన్నారు.

ఈ మాటను పరీక్షింపవలెనని విద్యార్థులే పట్టుబట్టినారు. ప్రిన్సిపాలు గారి అనుమతితో ఉస్తాదుగారు కారును పైకెత్తి, కుడివైపు కట్టను విప్పి ఇచ్చినారు. దానిని రెండు చివరలు క్రిందికి వచ్చునట్లు నూనె పూసిన ఇనుప పలకలపై నిలిపి, నడుమ చెక్క వేసి, హాస్టలు మరమ్మతుకై వచ్చిన సిమెంటు బస్తాలు రెండు, అనగా 100 కిలోలు, దానిపై నుంచినారు. అదనపు పట్టీలతో కట్ట 36 మిల్లీమీటర్లు దిగినది. ఆ రెండు పట్టీలు తీసివేసి మరల బరువు పెట్టగా 51 మిల్లీమీటర్లు. విజయవాడ ఆటోనగరు నుండి తెప్పించిన కొత్త కట్ట 50 మిల్లీమీటర్లు. నలుబదేండ్ల పాతదానికిని, నిన్న తెచ్చినదానికిని తేడా ఒక్క మిల్లీమీటరు! అదనపు పట్టీలు మాత్రము బిగువును నూటికి నలుబది పాళ్లు పెంచివేసినవి. ఆ పండితుని నడుమునకు కారణము దొరికినది. ఇక వట్టి కట్టలను నేలపై నిలిపి నడిమి ఎత్తు చూడగా, కొత్తదానికన్న పాత కుడి కట్ట 41 మిల్లీమీటర్లు, తరువాత విప్పిన ఎడమ కట్ట 27 మిల్లీమీటర్లు తక్కువగా తేలినవి. కారులో తరచు డ్రైవరు ఒక్కడే కూర్చుండును గనుక కుడివైపు ఎక్కువ కుంగుట సహజము.

ఇంకొక చిత్రము. బస్తాలు ఎక్కించునప్పుడు ఒక లెక్క, దింపునప్పుడు మరియొక లెక్క వచ్చినవి; నాలుగైదు మిల్లీమీటర్ల తేడా. తప్పు కొలిచినామని విద్యార్థులు భయపడినారు. ఉస్తాదుగారిని అడుగగా పట్టీకి పట్టీకి నడుమ త్రుప్పును గోటితో గీకి చూపినారు. పట్టీలు ఒకదానిపై నొకటి జారునప్పుడు రాపిడి కలుగును. ఆ రాపిడి ఊపును కొంత అణచును. త్రుప్పు పట్టినప్పుడు అదియే కమానును కదలనీయక పట్టివేయును. మేము పైన వ్రాసినవి ఎక్కించునప్పటి అంకెలు. భౌతికశాస్త్రము వారు ఆ మధ్యాహ్నము చాల ఉత్సాహముగా కనిపించినారు.

పాత కట్టలను మరల కాల్చి వంపు తీర్చవచ్చును గదా, కొత్తవి ఎందుకని మేము అడిగినాము. ఉస్తాదుగారు కుడి కట్టలోని పెద్ద పట్టీని కిరోసినుతో తుడిచి, సుద్దపొడి రుద్ది, నడుమ బోల్టు రంధ్రము అంచున వెండ్రుకవంటి గీతను చూపినారు. పగులులో నిలిచిన కిరోసిను సుద్దలోనికి ఊరి తడిగీతగా బయటపడినది. రంధ్రము వద్ద ఉక్కు కోత తినియుండును, బలము అక్కడనే కూడుకొనును; కమాను విరిగినచో తరచు అక్కడనే విరుగును. అట్టి పట్టీకి వంపు తీర్చి అమ్ముట మోసమని వారి మాట. ఒకవైపు మాత్రము కొత్తది వేయుటకును వారు ఒప్పుకొనలేదు. ఎడమ కాలికి పాత చెప్పు, కుడి కాలికి కొత్త చెప్పు వేసికొని నడుతురా అని మమ్ములనే ఎదురడిగినారు. కొలిమిలో కాల్చి నూనెలో ముంచక, చల్లని పట్టీనే సుత్తితో కొట్టి వంపు తీర్చువారు మన రోడ్ల ప్రక్కన పలువురు కలరు. అట్లు లేచిన ఎత్తు ఎక్కువ కాలము నిలువదు.

ఎత్తు ఎంత ఉండవలెనన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు ఈ పత్రిక పాత సంచికలోనే దొరకుట మాకు మిక్కిలి సంతోషము. గ్రంథాలయములో 1986 నాటి సంచికను తిరగవేయగా, వార్షికోత్సవము నాడు పోర్టికో ముందు ఖాళీగా నిలిచిన ఇదే కారు ఛాయాచిత్రము, దాని ప్రక్క ఆనాటి విద్యార్థులు. తలుపుల క్రింది అంచు గచ్చునకు సమాంతరముగా ఉన్నది. వెనుక చక్రము పైన చీకటి సందు స్పష్టముగా కనిపించుచున్నది. ఆ బొమ్మలో ఉన్నవారు ఇప్పుడు తాతలై యుందురు. బండి నడక ఎట్లుండెనో వారికి జ్ఞాపకము ఉన్నదో లేదో గాని, బండి నిలుకడకు ఆ బొమ్మ సాక్ష్యము పలికినది.

కొలుచుటలోను ఒక క్రమము కలదు. గచ్చు చదునుగా ఉండవలెను. నాలుగు టైర్లలోను గాలి సరిగా ఉండవలెను. డిక్కీలోని సామాను తీసివేయవలెను. బండి నాలుగు మూలలను చేతులతో అదిమి ఊపి, రెండు బారలు ముందుకు వెనుకకు నెట్టి, అప్పుడు కొలువవలెను. నేలనుండి కొలిచినచో టైరు అరుగుదల లెక్కలోనికి వచ్చును. కావున చక్రము నడిబొడ్డు నుండి పైన మడ్‌గార్డు అంచు వరకు కొలువవలెను. మొదటి కొలతలో వెనుక కుడివైపు ఎడమకన్న 22 మిల్లీమీటర్లు తక్కువ, ముందు కుడివైపు 9 మిల్లీమీటర్లు తక్కువ. వెనుక కనబడు ఒరుగుదలలో కొంత ముందు మూల నుండియు రావచ్చును. కుర్చీకి ఒక కాలు పొట్టిదైన ఎదుటి మూల లేచుట మనము ఎరిగినదే.

బిగింపు పని రెండు దినములు పట్టినది. బండి బరువును జాకీపై వదలక, చట్రము క్రింద దృఢమైన చెక్కదిమ్మలు పేర్చిన తరువాతనే ఉస్తాదుగారు పానా చేతపట్టినారు. ఒక విద్యార్థి ఆతురపడి దిమ్మలు పెట్టకముందే క్రిందికి చేయి చాపగా, వాని చెవి పట్టుకొని వెలుపలికి లాగినారు. తన కొడుకు చెవిని కాదు, వేరొకని చెవిని. ఎవరును నొచ్చుకొనలేదు. ముందు టార్షన్ బార్లను సవరించునప్పుడు జాగ్రత్త మరింత అవసరము. మెలిపడిన దండములో బండి బరువును మోయు శక్తి దాగియుండును. క్రింది చేతిని జాకీతో ఆనించి ఆ మెలిని విప్పక మునుపు బోల్టు వదలిన మనిషిని కొట్టును. దండము చివరలందు సన్నని పళ్లు కలవు. వెనుక కొనను పట్టుకొన్న లీవరు స్థానమును మార్చినచో బండి ముందు మూల ఎత్తు మారును, బిగువు మారదు. కమాను కట్టలో పట్టీలు చేర్చి పొందలేని వరము ఇదే. కుడి దండమును ఎడమకు, ఎడమదానిని కుడికి మార్చి వేయరాదు. ఏండ్ల తరబడి ఒకే దిక్కుకు మెలిపడిన ఉక్కును ఎదురు దిక్కుకు మెలిపెట్టిన త్వరగా అలసిపోవును. కావున విప్పకముందే సుద్దతో గుర్తు పెట్టినారు.

మమ్ములను మిక్కిలి ఆకర్షించినది చివరి పని. కమాను కన్నులలోని రబ్బరు బుష్షుల బోల్టులను బండి గాలిలో ఉండగా బిగించరాదట. అప్పుడు కమాను వ్రేలాడుచుండును. ఆ స్థితిలో బిగించినచో, బండి నేలకు దిగినప్పటి నుండి రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియే ఉండి కొలది నెలలలో చిరుగును. బండిని చక్రములపై దించి, ఊపి, తన సహజమైన ఎత్తున నిలిచిన తరువాత పడుకొని దూరి బిగించవలెను. అది కష్టము గనుక చాలమంది గాలిలోనే బిగించి పంపుదురు. ఆరేండ్ల క్రిందటి బుష్షులు రెండేండ్లకే ఎందుకు చిరిగినవో ఆ సాయంత్రము తెలిసినది. ఎత్తు మారినది గనుక ముందు చక్రముల అలైన్‌మెంటును, దీపముల దిక్కును కూడ సరిచేయించినాము. అంతకుముందు మన కారు దీపములు చింతచెట్లలోని కాకులకు వెలుగు చూపుచుండెడివి.

పని ముగిసిన నాటి కొలతలో వెనుక తేడా 4 మిల్లీమీటర్లు, ముందు 2 మిల్లీమీటర్లు. ఈ వ్యయమును ఉపన్యాసకులము కొందరము పంచుకొన్నాము. కళాశాల నిధి నుండి ఏమియు తీయలేదు. రశీదులను కార్యదర్శిగారికి అందజేసినాము.

ఇక కమిటీ పెద్దల అభ్యంతరముల మాట. ఇది దినదినము తిరుగుటకు తగిన బండి కాదనుట నిజమే. ప్రమాదమున ప్రయాణికులను కాపాడు ఎయిర్‌బ్యాగు వంటి సాధనములు ఇందులో లేవు. రాత్రివేళ రోగిని తీసికొనిపోవుటకు నేడు అంబులెన్సు ఉన్నది. పదిహేనేండ్లు దాటిన సొంత కారునకు అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. అదియు తప్పని వ్యయమే. వీటిని మేము కాదనుట లేదు. ఏడాదికి నాలుగు పర్యాయములు అతిథులను తెచ్చుటకును, మిగిలిన దినములలో పాఠము చెప్పుటకును ఈ బండి చాలును. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు, యాభై ఏండ్లు దాటి, చట్రము, పై శరీరము, ఇంజనులలో పెద్ద మార్పులు లేక నిలిచిన సొంత వాహనములను పాతకాలపు వాహనములుగా గుర్తించుచున్నవి. మన బండి 2035లో ఆ వయస్సునకు చేరును. పదేండ్లు షెడ్డులో నీడ నిచ్చుటకు కళాశాల నష్టపోవునది ఏమి? పాత ఇనుము వ్యాపారి ఇచ్చు సొమ్ము ఒక తరగతికి కొత్త బల్లలైనను తేలేదు.

బండికన్న మాకు ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్ప్రింగు ప్రయోగమునకు అరచేతిలో పట్టు చిన్న తీగచుట్ట నిచ్చి, యాభై గ్రాముల బిళ్లలు వ్రేలాడదీయించుచున్నారు. ఆ ప్రయోగము చేసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థియే, తన ఇంటి పందిరి క్రింద నాలుగు టన్నులు మోయు కమాను తయారగుచుండగా, అది చదువు కాదనుకొని తరగతిలో తండ్రి వృత్తిని దాచుకొనుచున్నాడు. ఈ తప్పు ఆ బాలునిది కాదు. ఉస్తాదుగారి పందిరినుండి మన ప్రయోగశాలకు నడచినచో ఇరువది నిమిషముల దూరము. ఇన్నేండ్లలో ఆ దూరమును నడచినవారు మనలో ఒక్కరును లేరు. మైనారిటీ విద్యాసంస్థ అని పలకపై వ్రాసికొన్న మనము, ఆ సముదాయములోని పనివారి విద్యను గుమ్మము వెలుపలనే నిలుపుట ఏ న్యాయము?

కావున కమిటీ వారికి మా విజ్ఞప్తులు ఇవి. బండిని అమ్మరాదు. విప్పిన పాత కట్టలను, పగులు గల పట్టీతో సహా, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచి, మేము చేసిన ప్రయోగమును ఏటేట విద్యార్థులచేత చేయించవలెను. ఉస్తాదుగారిని బండి బాగుచేయుటకు కాదు, తరగతిలో నిలిచి చెప్పుటకు పిలువవలెను. రాకపోకలకును, పోయిన పూట కూలికిని తగిన సొమ్ము ఇవ్వవలెను. తెలుగు, ఉర్దూ విభాగములు కలిసి వారి నోటి పదములను ఒక పట్టికగా వ్రాసికొనవచ్చును. కొలిమి రంగులకు వారికి ఏడెనిమిది పేర్లు కలవు. వాటిలో మూడింటికి మేము ఇంతవరకు తెలుగు మాట చెప్పలేకపోతిమి. వారు రారేమోనని సందేహింప నక్కరలేదు. మేము అడిగినప్పుడు, “శుక్రవారం కాకుండా పెట్టుకోండి సాబ్” అని మాత్రము అన్నారు.

కొత్త కమాను బరువు మీద కొంత సర్దుకొని దిగుట సహజమనియు, 300 కిలోమీటర్లు తిరిగిన తరువాత యూ బోల్టులను మరల బిగించవలెననియు వారు ముందే చెప్పియున్నారు. ఆ దూరము గత వారము పూర్తియైనది. ఉదయము ఎండ ఎక్కకముందు ఆ విద్యార్థియే టేపు పట్టి నాలుగు మూలలు కొలిచినాడు. వెనుక ఎడమవైపు 6, కుడివైపు 7 మిల్లీమీటర్లు దిగినవి. తేడా నాలుగు నుండి అయిదుకు వచ్చినది. యూ బోల్టులు ఒక్కొక్కటి పావు చుట్టు తిరిగినవి. అంకెలన్నియు వ్రాసిన నోటుపుస్తకము భౌతికశాస్త్ర విభాగములో ఉన్నది; జూను సమావేశమునకు ముందు కమిటీ వారెవరైన చూడదలచినచో, తాళము ఆ విద్యార్థి వద్దనే ఉండును.